గిటార్ పట్టిన సిస్టర్ రోసెట్టా

రాక్ అండ్ రోల్ అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్. ఎవర్ని అడిగినా మగవాళ్ళ పేర్లే వస్తాయి. ఇంట్లో గిటార్ నేర్చుకుంటున్న పిల్లల్ని అడిగి చూడండి, వాళ్ళూ ఇవే చెబుతారు. కానీ వీళ్ళంతా కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు రేడియోలో, రికార్డుల్లో విని ముచ్చటపడిన గిటార్ ఒకటుంది. అది వాయించింది ఒక ఆడమనిషి. నల్లజాతి ఆవిడ, చర్చిలో పుట్టి పెరిగిన ఆవిడ. పేరు సిస్టర్ రోసెట్టా థార్ప్.

ఆవిడ గిటార్ విన్నవాళ్ళు ఏడ్చారు, లేచి గంతులేశారు, కొంతమంది కోపంతో ముఖం తిప్పుకున్నారు. ఒకే వాయిద్యం ఇంత పని ఎలా చేసింది? అది తెలియాలంటే ఆ గిటార్ ఎక్కడ పుట్టిందో, ఎక్కడెక్కడికి వెళ్ళిందో, దానికి ఆవిడ ఏం మూల్యం చెల్లించిందో తెలియాలి. ఈసారి ఆ కథే చెప్పుకుందాం.

అమ్మ, మాండొలిన్, రైలు

అమెరికాలో ఆర్కెన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అని చిన్న ఊరు. పేరులోనే పత్తి ఉంది. 1915 మార్చి 20న రోసెట్టా అక్కడ పుట్టింది. తల్లి కేటీ బెల్ నూబిన్ పాటలు పాడేది, మాండొలిన్ వాయించేది, దేవుడి మాట చెబుతూ ఊరూరా తిరిగేది. వాళ్ళది చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అనే పెంతెకొస్తు సంఘం. నల్లవాళ్ళు తమ కోసం తాము కట్టుకున్న సంఘం అది.

ఈ సంఘం గురించి రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, అక్కడ ఆడవాళ్ళకి పాస్టర్ పదవి ఇవ్వరు. కానీ వాక్యం బోధించవచ్చు, పాడవచ్చు, వాయించవచ్చు. అంటే ముందు తలుపు మూసి పక్క తలుపు తెరిచారన్నమాట. కేటీ బెల్ లాంటివాళ్ళు ఆ పక్క తలుపులోంచే వెళ్ళి వందలమందిని కదిలించారు. రెండోది, అప్పట్లో చాలా చర్చిల్లో పియానోనో ఆర్గనో తప్ప వేరే వాయిద్యం పెట్టేవాళ్ళు కాదు. వీళ్ళు మాత్రం డ్రమ్ములు, తాళాలు, గిటార్లు అన్నీ తెచ్చేవారు. తంతివాద్యాలతో, తాళాలతో దేవుణ్ణి స్తుతించమని బైబిల్లో 150వ కీర్తనలో ఉంది కదా, ఇంక అడ్డేమిటి అనేవారు. ఆంధ్రలో పెంతెకొస్తు ప్రార్థన కూటాలు చూసినవాళ్ళకి ఈ వాతావరణం కొత్త కాదు. చప్పట్లు, కన్నీళ్ళు, చేతులు పైకెత్తి ఊగిపోవడం, అందరూ కలిసి ఒక్క గొంతు కావడం.

రోసెట్టా నాలుగేళ్ళ వయసులోనే పాడుతూ గిటార్ వాయించేదట. ఆరేళ్ళ వయసుకి తల్లితో పాటు సభల్లో తిరగడం మొదలైంది. తల్లి భర్తని వదిలి, కూతుర్ని తీసుకుని షికాగో చేరింది. ఆ రోజుల్లో దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకి నల్లవాళ్ళ వలస పెద్దయెత్తున సాగుతోంది. 1910ల నుంచి 1970 దాకా సుమారు 60 లక్షలమంది అలా ఊళ్ళు విడిచారు. పత్తిచేలలో అప్పుల బతుకు, కొట్టి చంపే మూకల భయం వెనక ఉన్నాయి. ముందు ఫ్యాక్టరీ జీతం మీద ఆశ ఉంది.

కొత్త ఊరికి వెళ్ళినవాళ్ళు ముందు దేన్ని వెతుక్కుంటారో మీకు చెప్పక్కర్లేదు. మనం గుడి ఎక్కడుంది, మనవాళ్ళెక్కడ ఉన్నారు అని వెతుక్కోలేదూ? వాళ్ళూ అంతే. షికాగోలో 40వ వీధిలో వాళ్ళ సంఘం చర్చి ఉంది. ఊరి భాష, ఊరి పాట, ఊరి ఏడుపు అన్నీ ఆ గోడల మధ్య దొరికేవి. అక్కడ చిన్నపిల్ల రోసెట్టాని అందరికీ కనబడేలా ఎత్తున నిలబెట్టి వాయించమనేవారు. చేతిలో గిటార్ ఆ పిల్లకంటే పెద్దదిగా కనిపించేది.

గిటార్ ఎందుకు ఏడిపిస్తుంది?

ఇక్కడ కొంచెం సంగీతం మాట్లాడుకోవాలి. భయపడకండి, మనకి తెలిసిన సంగతులతోనే చెబుతాను.

భజనలో ఏం జరుగుతుంది? ఒకరు ఒక చరణం అందుకుంటారు, మిగిలినవాళ్ళు దానికి బదులు పాడతారు. నల్లవాళ్ళ చర్చి ప్రాణం కూడా ఈ పిలుపు, బదులులోనే ఉంది. పాస్టర్ ఒక మాట అంటాడు, జనం అవునని అరుస్తారు. పాడే ఆవిడ ఒక పాదం పాడుతుంది, సంఘం తిరిగి అందుకుంటుంది. పిలిచినవాళ్ళకి బదులు వచ్చినప్పుడే కదా, నేను ఒంటరిని కాను అనిపించేది.

రోసెట్టా చేసింది ఇదీ. ఆవిడ గొంతుతో పిలిచి, గిటార్‌తో బదులిచ్చింది. ఒక పాదం పాడి ఆపుతుంది. ఆ ఖాళీలో గిటార్ అందుకుంటుంది. చర్చి నిండా జనం చెప్పాల్సిన బదులు ఆరు తీగల్లోంచి వస్తుంది. పక్కన సంఘం లేకపోయినా, ఏ నైట్‌క్లబ్బులోనో ఏ రైల్వే ప్లాట్‌ఫాం మీదో ఒక్కతే నిలబడినా, వినేవాళ్ళకి చర్చి మొత్తం వినిపిస్తుంది. ఆ వాయింపులో ఉన్న బలం అదే అని నా నమ్మకం.

రెండో సంగతి, తీగ లాగడం. వీణ దగ్గరగా చూసినవాళ్ళకి తెలుసు, గమకం పలికించడానికి మెట్టు మీద తీగని పక్కకి లాగుతారు. స్వరం ఉన్నచోటే ఉండకుండా జారి, వణికి, పైకెక్కుతుంది. మనిషి గొంతులో దుఃఖం వచ్చినప్పుడు జరిగేది కూడా అదే కదా. బ్లూస్ గిటార్ వాళ్ళు చేసేదీ ఆ పనే, తీగని పక్కకి లాగి స్వరాన్ని వంచుతారు. రోసెట్టా చర్చి పాటకి ఆ వంపుని తెచ్చింది. దానికి తోడు ఆవిడ గిటార్‌ని మామూలు శ్రుతిలో ఉంచేది కాదు. ఏ మెట్టూ నొక్కకుండా అన్ని తీగలూ కలిపి మీటినా నిండుగా ఒక కార్డు పలికేలా శ్రుతి చేసుకునేది. బొటనవేలు కింది స్వరాల్లో తాళం నడుపుతుంటే, మిగతా వేళ్ళు పైన పాట పలికించేవి. ఒక్క మనిషి వాయిస్తుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉండేది.

మూడోది కరెంటు. మామూలు గిటార్ మీద స్వరం పుట్టిన క్షణంలోనే చావడం మొదలుపెడుతుంది. తీగ కింద చిన్న అయస్కాంతం, తీగచుట్ట పెట్టి, దాన్ని యాంప్లిఫయరుకి కలిపితే, ఆ స్వరం ఇంకాసేపు బతుకుతుంది. మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎందుకు పట్టాడో గుర్తు తెచ్చుకోండి. మామూలు మాండొలిన్ మీద స్వరం నిలవదు, నిలవకపోతే గమకం పలకదు. రోసెట్టాకి కూడా స్వరం నిలవడం కావాలి, పెద్ద బ్యాండు హోరులో వినబడటమూ కావాలి. మొదట్లో లోహపు శరీరం ఉన్న గట్టి చప్పుడు గిటార్ వాడింది, తరవాత ఎలక్ట్రిక్‌కి మారింది. యాంప్లిఫయరు సౌండు పెంచి, స్వరం అంచులు కాస్త గరుకుగా చీలేలా వాయించేది. భక్తిలో గొంతు బొంగురుపోయినట్టు ఉంటుంది ఆ చప్పుడు. తరవాతి కాలంలో రాక్ సంగీతం అంతా ఆ గరుకుదనం మీదే నిలబడింది.

చర్చి గడప దాటి

1934లో, 19 ఏళ్ళకి, తమ సంఘంలోనే బోధకుడు థామస్ థోర్ప్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ కాపురం నిలవలేదు. మొగుణ్ణి వదిలేసింది కానీ పేరు మాత్రం కాస్త మార్చి థార్ప్ అని ఉంచుకుంది. 1938లో తల్లితో కలిసి న్యూయార్క్ వచ్చింది. ఆ ఏడాదే రెండు పనులు చేసింది, రెండూ ఆవిడ జీవితాన్ని మార్చేశాయి.

ఒకటి, కాటన్ క్లబ్బులో పాడింది. డబ్బున్న తెల్లవాళ్ళు తాగుతూ కూర్చునే నైట్‌క్లబ్బు అది. స్టేజీ మీద మాత్రం నల్లవాళ్ళు. రెండోది, అక్టోబరు 31న డెక్కా కంపెనీకి నాలుగు పాటలు రికార్డు చేసింది. వాటిలో 'రాక్ మీ' అనే పాట థామస్ డోర్సీ రాసిన భక్తిగీతం. దేవుడి ఒడిలో ఊయలూపమని అడిగే పాట. రోసెట్టా దాన్ని కొద్దిగా మార్చి ఒళ్ళు ఊగే జోరుతో పాడింది. చర్చివాళ్ళకి అందులో దేవుడి ఒడి వినిపించింది, క్లబ్బులో కూర్చున్నవాళ్ళకి ఇంకో అర్థం వినిపించింది. ఒకే పాట రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేసింది. అదే ఏడాది డిసెంబరు 23న కార్నెగీ హాల్లో జాన్ హామండ్ పెట్టిన పెద్ద కచేరీలోనూ పాడింది.

చర్చిలో పెద్దవాళ్ళు మండిపడ్డారు. దేవుడి పాటని సారా దుకాణంలో పాడతావా అన్నారు. 1939లో లైఫ్ పత్రిక ఆవిడ ఫొటోలు వేసింది, చర్చిలోనూ నైట్‌క్లబ్బులోనూ అవే పాటలు పాడుతోందని. పత్రికవాళ్ళకి అది వింత. సంఘానికి తలవంపు. గుడిలో హారతిపాట పబ్బులో పాడితే మన పెద్దవాళ్ళు ఏమంటారో ఊహించుకోండి, ఆ కోపం ఎంతటిదో తెలుస్తుంది. ఆ కోపంలో అర్థం లేకపోలేదు. అన్నీ పోగొట్టుకున్న జనానికి తమదంటూ మిగిలింది ఆ పాట ఒక్కటే. దాన్ని డబ్బున్నవాళ్ళ వినోదానికి అమ్మేస్తున్నారనే బాధ అది.

మరి రోసెట్టా దోషం చేసిందా? నాకలా అనిపించదు. 1941లో లక్కీ మిలిండర్ బ్యాండులో చేరింది. ఆ కాంట్రాక్టులో భక్తి లేని సరదా పాటలు కూడా పాడాల్సి వచ్చింది, పొడుగ్గా సన్నగా ఉండే మొగుడు కావాలనే పాట ఒకటి. కాంట్రాక్టు నించి బయటపడ్డాక తిరిగి భక్తిగీతాలకే వచ్చింది. పేరు ముందు సిస్టర్ అన్న మాట ఆవిడ ఎన్నడూ తీసెయ్యలేదు. అటు క్లబ్బువాళ్ళకి మరీ చర్చి మనిషి, ఇటు చర్చివాళ్ళకి మరీ క్లబ్బు మనిషి. రెండు ఇళ్ళూ ఉన్నట్టే ఉండి ఏదీ పూర్తిగా తనది కాకపోవడం ఎలా ఉంటుందో, దేశం మారినవాళ్ళకి నేను కొత్తగా చెప్పాలా?

1944లో ఒక పాట

1944లో పియానో మీద శామీ ప్రైస్ తోడుగా ఒక పాట రికార్డు చేసింది. పేరు 'స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే'. రోజూ వింతలు జరుగుతున్నాయని దాని అర్థం. భక్తిపాటే, కానీ కపట భక్తుల మీద చురకలు కూడా ఉన్నాయి. కింద పియానో పరుగెత్తుతుంటే, పైన ఎలక్ట్రిక్ గిటార్ నవ్వుతూ ఆడుకుంటుంది. 1945లో ఇది బిల్‌బోర్డ్ పత్రిక నల్లవాళ్ళ పాటల పట్టికలో 2వ స్థానం దాకా ఎక్కింది. గోస్పెల్ పాట ఒకటి ఆ పట్టికలో అంత పైకి రావడం అదే మొదటిసారి. మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఏదీ అని వాదించుకునేవాళ్ళు ఈ పాట పేరు కూడా చెబుతారు. ఎల్విస్ మొదటి రికార్డు 1954లో వచ్చిందని గుర్తుంచుకోండి. అంటే పదేళ్ళ తేడా.

ఆ పదేళ్ళలో ఈ గిటార్ ఎవరెవరి చెవుల్లో పడిందో చూడండి. ఆర్కెన్సా పల్లెలో పెరుగుతున్న జానీ క్యాష్ విన్నాడు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో తనకి గౌరవం చేసినప్పుడు, చిన్నప్పుడు ఇష్టపడ్డ గాయకుల్లో ఆవిడ పేరు చెప్పాడు. 1947లో జార్జియా రాష్ట్రం మేకన్ ఊరికి ఆవిడ కచేరీకి వస్తే, అక్కడి హాల్లో కూల్‌డ్రింకులు అమ్మే 14 ఏళ్ళ కుర్రాడు ఆవిడ వినేలా పాట అందుకున్నాడు. ఆవిడ ఆ అబ్బాయిని రాత్రి కచేరీలో స్టేజీ మీదకి పిలిచి పాడించింది, తరవాత చేతిలో డబ్బూ పెట్టింది. ఆ పిల్లాడే లిటిల్ రిచర్డ్. ఎల్విస్ వెనక పాడి పేరు తెచ్చుకున్న జోర్డనేర్స్ బృందం, అంతకు ముందు రోసెట్టాతో కలిసి ఊళ్ళు తిరిగిన బృందమే.

ఆ తిరుగుళ్ళు ఎలా ఉండేవో కూడా చెప్పాలి. దక్షిణాదిలో నల్లవాళ్ళకి హోటల్లో గది ఇవ్వరు. తెల్లవాళ్ళ రెస్టారెంటులో కూర్చోనివ్వరు, వెనక తలుపు దగ్గర పొట్లం కట్టించుకోవాలి. ముందురాత్రి వేలమంది చప్పట్లు కొట్టిన మనిషి తెల్లారేసరికి తలదాచుకునే చోటు వెతుక్కోవాలి. అందుకే బస్సు ఏర్పాటు చేసుకుని, చాలా రాత్రులు అందులోనే పడుకునేది. ఆవిడతో కచేరీ చేసే తెల్ల కుర్రాళ్ళకి హోటల్లో పరుపు, ఆవిడకి బస్సులో సీటు.

1946 తరవాత మేరీ నైట్ అనే గాయని ఆవిడకి తోడైంది. ఇద్దరు ఆడవాళ్ళు, వెంట మగదిక్కు లేకుండా, తామే యజమానులై దేశమంతా తిరిగారు. ఇద్దరూ కలిసి పాడిన 'అప్ అబౌ మై హెడ్' వినండి. ఒకరు పిలుస్తారు, ఒకరు బదులిస్తారు, మధ్యలో గిటార్ ఇద్దరికీ బదులిస్తుంది. తరవాత మేరీ ఇంట్లో నిప్పంటుకుని ఆమె తల్లీ ఇద్దరు పిల్లలూ చనిపోయారు. ఆ మాట తెలిశాక ఆ పాటని మామూలుగా వినలేం.

పెళ్ళికి టికెట్టు

1951 జులై 3న వాషింగ్టన్ నగరంలో గ్రిఫిత్ స్టేడియంలో రోసెట్టా పెళ్ళి చేసుకుంది. వరుడు రస్సెల్ మారిసన్. బేస్‌బాల్ ఆడే స్టేడియం అది. పెళ్ళికి టికెట్టు పెట్టారు. ఇరవై వేలమందికి పైగా డబ్బిచ్చి వచ్చారు. ప్రమాణాలయ్యాక పెళ్ళికూతురు తెల్ల గౌనులోనే ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని కచేరీ చేసింది. చివర్లో బాణసంచా కాల్చారు. డెక్కా కంపెనీ ఆ తంతు అంతా రికార్డు చేసి అమ్మింది కూడా.

ఇదేం చోద్యం, పెళ్ళికి టికెట్టేమిటి అని నవ్వొస్తుంది. అది కచేరీ నిర్వాహకుల వ్యాపారం ఆలోచనే, అందులో సందేహం లేదు. కానీ వచ్చినవాళ్ళ వైపు నించి చూడండి. వాళ్ళలో ఇంటిపనివాళ్ళు, చాకిరేవు పనివాళ్ళు, ఆఫీసుల్లో ఊడ్చేవాళ్ళు ఉన్నారు. నల్లజాతి పెళ్ళికూతురు ఒక స్టేడియం మధ్యలో రాణిలా నిలబడటం వాళ్ళెక్కడ చూశారు? అందుకే మంచి చీర కట్టుకున్నట్టు మంచి బట్టలు వేసుకుని వెళ్ళారు.

అయితే అదే చివరి శిఖరం. నాలుగైదేళ్ళలో ఎల్విస్ లాంటి కుర్రాళ్ళు వచ్చారు. ఆవిడ వాయించినలాంటి గిటారే, ఆవిడ పాడినలాంటి జోరే. కానీ రేడియోవాళ్ళకి తెల్ల కుర్రాడి ముఖం అమ్మడం తేలిక. 40 దాటిన నల్ల ఆవిడ, దేవుడి పాటలు పాడే ఆవిడ ఆ బొమ్మలో ఇమడలేదు. రికార్డు కంపెనీలు పక్కన పెట్టేశాయి. మధ్యలో మేరీతో కలిసి బ్లూస్ రికార్డు చేసినందుకు చర్చివాళ్ళు మళ్ళీ దూరమయ్యారు. చేతిలో విద్య అలాగే ఉంది, పిలిచేవాళ్ళే తగ్గిపోయారు.

మాంచెస్టర్‌లో వాన

పిలుపు ఇంగ్లండు నించి వచ్చింది. 1957లో క్రిస్ బార్బర్ జాజ్ బృందం ఆవిడని పిలిపించుకుంది. అమెరికా మరిచిపోతున్న సంగీతాన్ని అక్కడి కుర్రకారు ప్రాణం పెట్టి విన్నారు. ఆ తరం పిల్లల్లోంచే ఇంగ్లండు రాక్ బ్యాండులు పుట్టాయి.

1964 మేలో ఆవిడ మళ్ళీ వెళ్ళింది, మడ్డీ వాటర్స్ లాంటి పెద్ద బ్లూస్ కళాకారులతో. మే 7న గ్రానడా టెలివిజన్‌వాళ్ళు మాంచెస్టర్‌లో విల్‌బ్రహాం రోడ్డు స్టేషన్‌లో కచేరీ చిత్రీకరించారు. రైళ్ళు ఆగడం మానేసిన స్టేషన్ అది. దాన్ని అమెరికా దక్షిణాది స్టేషన్‌లా అలంకరించారు. ఒక ప్లాట్‌ఫాం మీద కళాకారులు, పట్టాలకి అవతల ఎదుటి ప్లాట్‌ఫాం మీద ప్రేక్షకులు. మాంచెస్టర్ కదా, ఆ సాయంత్రం వాన పట్టుకుంది. అక్కడుండే మన చెల్లెళ్ళకి ఆ వాన సంగతి బాగా తెలుసు.

రోసెట్టా గుర్రబ్బండిలో వచ్చి దిగింది. 49 ఏళ్ళు, హుందాగా తెల్లటి కోటు, కాళ్ళకి హైహీల్సు. చుట్టూ తడిసిన ప్లాట్‌ఫాం. తెల్లటి గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటార్ మెడలో వేసుకుని 'డిడ్న్ట్ ఇట్ రెయిన్' అందుకుంది. నోవహు కాలంలో కురిసిన వాన గురించిన పాత భక్తిపాట. కురిసే వానకి కురిసిన వాన పాట. మధ్యలో గొంతు ఆపి, రెండడుగులు వెనక్కి వేసి, గిటార్‌కి వదిలేస్తుంది చూడండి, అక్కడ ఆగి వినండి. వేళ్ళు తడబడవు, ముఖంలో కష్టం కనబడదు. ఎవరినో ఆటపట్టిస్తున్నట్టు నవ్వుతూ ఉంటుంది. ఎదుటి ప్లాట్‌ఫాం మీద చలికి ముడుచుకుని కూర్చున్న ఇంగ్లీషు పిల్లలు చప్పట్లు మొదలుపెడతారు. పిలుపుకి బదులు వచ్చేసింది. నాలుగేళ్ళ పిల్ల షికాగో చేరకముందే నేర్చుకున్న పని, అరవై ఏళ్ళ కిందట పాడుబడ్డ ఆ స్టేషన్‌లో, భాషా వేషం వేరైన జనం ముందు కూడా పనిచేసింది.

ఆ వీడియో ఇప్పుడు సులువుగా దొరుకుతుంది. ఆవిడ గిటార్ వాయింపుని ఈ తరానికి తిరిగి పరిచయం చేసింది ముఖ్యంగా అదే.

పేరు లేని సమాధి

తరవాతి సంవత్సరాలు బాగా గడవలేదు. 60ల చివర్లో తల్లి కేటీ బెల్ పోయింది. నాలుగేళ్ళప్పటి నించి స్టేజీ మీద పక్కనున్న మనిషి. ఆ దెబ్బ నించి రోసెట్టా తేరుకోలేకపోయింది. 1970లో పక్షవాతం వచ్చింది, షుగరు జబ్బు ముదిరి ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ తరవాత కూడా కూర్చుని కచేరీలు చేసింది. 1973 అక్టోబరు 9న ఫిలడెల్ఫియాలో కన్నుమూసింది. అప్పటికి 58 ఏళ్ళు.

ఫిలడెల్ఫియాలోనే నార్త్‌వుడ్ శ్మశానంలో పాతిపెట్టారు. ఇరవై వేలమంది టికెట్టు కొని పెళ్ళికి వచ్చిన మనిషి సమాధి మీద ఒక రాయి కూడా లేదు. ముప్పై అయిదేళ్ళు అలాగే ఉంది.

దాన్ని మార్చింది ఎక్కువగా ఆడవాళ్ళ, అభిమానుల పట్టుదల. గేల్ వాల్డ్ అనే ప్రొఫెసర్ ఆవిడని ఎరిగినవాళ్ళని వెతికి పట్టుకుని, మాట్లాడి, 2007లో జీవితచరిత్ర వెలువరించింది. 2008 జనవరి 11న ఫిలడెల్ఫియాలో నిధుల కోసం కచేరీ జరిగింది. పెన్సిల్వేనియా గవర్నరు ఆ తేదీని సిస్టర్ రోసెట్టా థార్ప్ దినంగా ప్రకటించాడు. ఆ తరవాత సమాధికి రాయి వచ్చింది. అంతకు ముందే 1998లో అమెరికా తపాలా శాఖ 32 సెంట్ల బిళ్ళ మీద ఆవిడ బొమ్మ వేసింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం 2018లో తలుపు తీసింది. ఎల్విస్‌కి, చక్ బెర్రీకి, లిటిల్ రిచర్డ్‌కి 1986లోనే తీసిన తలుపు అది. శిష్యులకి ముందు, గురువుకి 32 ఏళ్ళ తరవాత.

ఎందుకు మరిచిపోయారు?

దీనికి కుట్ర అక్కర్లేదు. అరలు చాలు. రికార్డు దుకాణంలో ఆవిడని భక్తి అరలో పెట్టారు, రాక్ చరిత్ర రాసినవాళ్ళు ఆ అర తెరవలేదు. చర్చి చరిత్ర రాసినవాళ్ళు క్లబ్బుకి వెళ్ళిందని పక్కన పెట్టారు. గిటార్ చరిత్ర రాసినవాళ్ళ కళ్ళకి ఆడవాళ్ళు గాయనులే తప్ప వాయించేవాళ్ళు కారు. ఆ రోజుల్లో ఆవిడకి దక్కిన పెద్ద మెచ్చుకోలు ఏమిటో తెలుసా? మగవాడిలా వాయిస్తుందని. పొగడ్తలో కూడా ఆవిడ వేళ్ళు ఆవిడవి కాకుండా పోయాయి.

ఇలాంటి అరలు మన ఇళ్ళల్లోనూ ఉన్నాయి. మన అమ్మమ్మలు పాడిన మంగళహారతులు, నలుగు పాటలు, జోలపాటలు సంగీతం లెక్కలోకి వచ్చాయా? గొంతు బాగుంది అని ఊరుకున్నాం. ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎన్ని పాటలు వచ్చు, ఏ పాట ఎక్కడిది అని అడిగినవాళ్ళు ఎంతమంది? రోసెట్టాకి కనీసం రికార్డులున్నాయి, ఆ వాన వీడియో ఉంది. అందుకే తిరిగి దొరికింది. రికార్డు లేనివాళ్ళు దొరకరు.

కాబట్టి రెండు పనులు చెప్పి ముగిస్తాను. మొదటిది, ఈ వారాంతం 'రాక్ మీ', 'స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే', 'అప్ అబౌ మై హెడ్', చివరగా మాంచెస్టర్ వీడియో, ఈ వరసలో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. గొంతు ఆగినచోట గిటార్ ఏం చెబుతోందో వాళ్ళనే చెప్పమనండి. రెండోది, ఊళ్ళో పాటలు వచ్చిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒకటి పాడమని అడగండి. రికార్డు బటన్ నొక్కండి. పేరు, ఊరు, తేదీ చెప్పించి దాచండి.